జవాబు చెప్పని మీటరు

యజ్ఞనారాయణ మాస్టారి కోడ్‌లో తప్పు పట్టడమంటే కుసుమకి ప్రాణం మీదికి వచ్చినంత పని. అమలాపురం పాలిటెక్నిక్‌లో ఆమె చేత మొదటి సి ప్రోగ్రాం రాయించింది ఆయనే. ఇప్పుడు రిటైరై, ఊరికే కూర్చోలేక, శిష్యురాలు మొదలెట్టిన ప్రోగ్రాంకే సాయం పడుతున్నారు. అది రొయ్యల చెరువుల కోసం రాసింది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటరుని అడిగి, తగ్గిందంటే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ చేస్తుంది. కోడంతా నెట్‌లో బహిరంగమే. ఎవరైనా చదవచ్చు, మార్చి పంపవచ్చు. కాకపోతే కుసుమ చూసి సరేనంటేనే అది చెరువు గట్టుకి చేరుతుంది.

ఈసారి మాస్టారు పంపింది చదువుతుంటే ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. మీటరు జవాబు చెప్పకపోతే ఏం చెయ్యాలి? మాస్టారు ఏమీ చెయ్యలేదు. ఇందాకటి అంకెనే మళ్లీ అందించి, అంతా సవ్యంగా ఉన్నట్టు ముందుకి పోనిచ్చారు. వైరుని ఎలకలు కొరికేసినా సరే, ప్రోగ్రాం లెక్కలో ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. ఏరియేటర్లు తిరగవు. తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి.

ఇంత తప్పు కళ్లబడ్డాక ఆ కోడ్ కింద ఎవరైనా ఏం రాయాలి? మన కుసుమ వరస ముందు ఖాళీకి కొట్టే ట్యాబుల గురించి రాసింది. బ్రాకెట్ కింది వరసలోకి దిగకూడదని రాసింది. పేర్లు మరీ పొట్టిగా ఉన్నాయండీ అని, ఈ వివరణ అక్కర్లేదేమోనండీ అని, ముక్కముక్కకీ ఒక అండీ తగిలించి పేజీ నింపింది. అసలు సంగతి మాత్రం రాయలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, పెద్దల ముందు అనేది కాదు.

మాస్టారు సంబరపడిపోయి అన్నీ దిద్ది పంపారు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు కూడా. లేవండీ, చాలా బాగుందండీ అని రాసేసింది. ఒప్పుకున్నట్టు నొక్కాల్సిన బటన్ దగ్గర మాత్రం చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున్నే అల్లవరం నుంచి మేనమామ వీరబాబు ఫోన్ చేశాడు. కొత్త ప్రోగ్రాం తన చెరువుకే ముందు పెట్టమన్నాడు. ఇక రాత్రుళ్లు గట్టు మీద కాపలా మానేసి ఇంట్లో హాయిగా పడుకుంటానన్నాడు. కుసుమ ఇవాళొక్క రోజు ఆగమని చెప్పి, తనుండే ముమ్మిడివరంలో బస్సెక్కి తిన్నగా అమలాపురంలో మాస్టారింటికి వెళ్లింది.

"మాస్టారండీ, మీటరు పలక్కపోతే మీ కోడ్ ఆ సంగతి చెప్పట్లేదండీ. పాత అంకె ఇచ్చేస్తోందండీ."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసుకున్నారు. మొహం చిన్నబోయింది. చిన్నదానికీ పెద్దదానికీ అలారం మోగి రైతు బెదిరిపోకూడదని అలా రాశానన్నారు. తరవాత, ఇది ఎప్పుడు చూశావని అడిగారు. మొదటిరోజే చూశానని ఒప్పుకుంది.

"అయితే నా కోడ్ చేసిందే నువ్వూ చేసేవు కదమ్మా. తప్పని తెలిసి కూడా బాగుందన్నావు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇక్కడ నా చెవిలో చెప్పడం కాదు, నలుగురూ చూసేచోట నా పేరు కిందే రాయమన్నారాయన. కుసుమ అక్కడే కూర్చుని రాసింది. మీటరు జవాబివ్వకపోతే ఆ విషయం పైకి తెలియాలి, అది దిద్దేదాకా దీన్ని ఒప్పుకోను అని. ఎక్కడా అండీ పెట్టలేదు. మాస్టారు చదివి తలూపారు.

"ఏడాదినుంచీ నావి చాలా ఒప్పుకున్నావు. వాటిల్లో ఇలా వదిలేసినవి ఉన్నాయా?"

కుసుమకి కళ్లనీళ్లు తిరిగాయి. ఈ ప్రశ్న ఆయన అడక్కుండా ఉంటే బావుండునని మనసులో ఎంత మొక్కుకుందో.

"రెండున్నాయండీ. అవి ఇప్పుడు చెరువుల మీద నడుస్తున్నాయండీ."

మాస్టారు లాప్‌టాప్ మూసేశారు.

"కోడ్ తరవాత చూద్దాం. ముందు ఆ రైతులకి ఫోన్ చెయ్యమ్మా."