సీసాలో బొమ్మిడాయి ఎటు చూస్తోంది

చేపల మ్యూజియంలో అందరూ అక్క అని పిలిచే శాస్త్రవేత్తకి పొద్దున్నే మొదటి పని సీసాలు సర్దడం. పాడవకుండా స్పిరిట్‌లో దాచిన చచ్చిన చేపలన్నీ తెల్లారేసరికి తమ సొంత నీళ్ళవైపు మూతులు తిప్పేసుకుంటాయి మరి. నది చేపలు కిటికీవైపు, చెరువు చేపలు మెట్లవైపు. చూడ్డానికొచ్చిన పిల్లలకి తోకలు చూపిస్తే ఏం బాగుంటుంది? అందుకని అన్నిటినీ గుమ్మంవైపు తిప్పి పెట్టేది.

వాటిల్లో చీటీ ఊడిపోయిన సీసా ఒకటుంది. లోపల పాములా సన్నగా బొమ్మిడాయి. మామూలువాటికి వీపు ముళ్ళు తోక దగ్గరిదాకా ఉంటాయి, దీనికి సగంలోనే ఆగిపోతాయి. అంటే వేరే రకం. ఎక్కడ పట్టారో ఎవరికీ తెలీదు. అక్క నదులూ చెరువులూ అన్నీ గాలించింది. ఒక్కటీ వలలో పడలేదు.

ఆవేళ సీసా తిప్పబోయి ఆగింది. దాని మూతి వెనక గోడకేసి ఉంది. నిన్నా అటే, మొన్నా అటే! సర్దే ధ్యాసే గానీ చూసే ధ్యాసేదీ?

"నా బుద్ధి మండిపోనూ! గోడవతల ఉన్నది పిల్లకాలవే కదా!"

ఆ కాలవ అడుగున సిమెంటు పోసేది ఆవేళే. పోయించే ఇంజనీరు సొంత తమ్ముడే. సీసా చంకనెట్టుకుని పరిగెత్తింది.

అప్పటికే సిమెంటు లారీ గుర్రుమంటోంది. తమ్ముడు సీసా చూసి నవ్వాడు.

"ఏంటక్కా, సాక్షిని వెంటబెట్టుకొచ్చావా? బతికున్నదొక్కటి చూపించు, లారీ వెనక్కి పంపిస్తా. చచ్చినదాన్ని చూపించి ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది."

"నోరు మూసుకుని పాంటు మడుచుకోరా."

ఇద్దరూ కాలవలో దిగారు. సీసాలో చేప అటూ ఇటూ తిరిగి, కల్వర్టు పక్కకి రాగానే మూతి కిందికి పెట్టి నిటారుగా నిలబడింది.

"అక్కడ నిలబడు. నెమ్మదిగా."

తమ్ముడి పాదం బురదలో దిగింది. మొహం మారిపోయింది.

"అక్కా, కాలికింద ఏదో పాకుతోందే! పాము కాదు కదా?"

"గుచ్చుకుంటోందా?"

"ముళ్ళే! అమ్మో!"

"ఎందాకా?"

"వీపంతా... లేదు, ఆగు. సగందాకానే. తర్వాత నున్నగా ఉంది."

అక్క సీసాని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది.

తమ్ముడు ఆ కాలు కదపలేదు. ఒంటికాలి మీద బరువాపుకుని, రెండు చేతులూ పైకెత్తి డ్రైవర్ని కేకేశాడు.

"వెనక్కి తిప్పవయ్యా! లారీ వెనక్కి తిప్పు!"

ఇప్పుడు మ్యూజియంలో ఆ ఒక్క సీసా గోడవైపే ఉంటుంది. పిల్లలకి తోకే కనిపిస్తుంది. ఎవరూ తిప్పరు.