బయటికి పోయే నీరు

2007 మార్చి పదహారున కోమలి రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నది. ఇంటర్ కెమిస్ట్రీ పరీక్షకు బయలుదేరబోతుంటే పెళ్ళిచూపులకని తిరుచానూరు నుంచి మునికుమార్ వాళ్ళు దిగారు. "పరీచ్చ ఎప్పుడన్నా రాసుకోవచ్చులేమ్మా" అన్నది కాబోయే అత్త వరదమ్మ. ఆ ఎప్పుడన్నా పద్దెనిమిదేళ్ళయినా రాలేదు.

ఇంటర్ చదివే కూతురు పవిత్రకు పాఠం చెప్పాలని కోమలి మళ్ళీ పుస్తకం తెరిచింది. "మా ఇంట్లోనే ట్యూషనప్పా" అని మునికుమార్ గుడి దగ్గరి తన పూల అంగట్లో గొప్పలు పోయేవాడు. అంగడి మాలలన్నీ కట్టేది కూడా ఆమేనని మాత్రం ఎవరితోనూ అనలేదు. తెల్లవారకముందే బుట్టెడు మల్లెలు, చామంతులు. ఆ తర్వాత దోసెలు, అత్త మాత్రలు. వేళ్ళు దారం మీద ఉన్నా మనసు పాఠం మీదికి పోయేది. అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి ముడిపడి ప్రోటీన్ అవుతాయి. ముడిపడిన ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుంది. పోయిన నీటిని కూడా సమీకరణంలో రాయాలి, రాయకపోతే తప్పు. అది చదివిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. తననుంచి పోయినదాన్ని ఎవరు రాశారు, ఎక్కడ రాశారు? ఆ వారమే ఎవరికీ చెప్పకుండా ఓపెన్ ఇంటర్‌కు దరఖాస్తు పెట్టింది.

కొన్ని నెలల తర్వాత, ఒక గురువారం సాయంత్రం హాల్‌టికెట్ మునికుమార్ కంటపడింది.

"ఏమే, పాప ఫోటో బదులు నీది ఏసినారే. ఈ ఆపీసోళ్ళకు కండ్లు ల్యావా? పొద్దన్నే పోయి మార్పించు."

"తప్పేం కాదు. అది నాదే. పొద్దన్నే పరీక్ష."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"రేపు శుక్రవారం. గుడికాడ జనం ఎట్లుంటారో తెలుసు కదా. మాలలెవరు కడతారు?"

"తెలీదు. నేనైతే కట్టను."

అనేసి కోమలి పుస్తకం తీసుకుని లోపలి గదిలో నేలమీద కూర్చుంది. గ్లూకోజ్‌లో కార్బన్లు ఆరు. లెక్కపెడితే ఐదే వచ్చాయి. మళ్ళీ మొదలుపెట్టింది.

వసారాలో మునికుమార్ గొణుగుతున్నాడు. "సదివి ఏం సేస్తాదంట? మాల కట్టేదానికి సర్టిపికెట్టా?"

"నీకూ పది వేళ్ళు ఉండాయి కదా నాయనా" వరదమ్మ గొంతు. "దారం తీసుకో. రాకపోతే నేను సూపిస్తా."

కోమలి తలెత్తింది. గడపలో అత్త నిలబడి ఉంది. వాచిన వేళ్ళతో తలుపు రెక్కను పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.