వానకు ముందు గాలి

ఇప్పచెట్ల కింద ఆకును తెల్లవారుజామునే కాల్చాలి. మంచుకు తడిసిన ఆకు మెల్లగా అంటుకుని, గాలి లేవకముందే ఆరిపోతుంది. మర్నాడు రాలే పువ్వు నల్లటి నేల మీద తెల్లగా కనబడుతుంది. ఎల్లారెడ్డి తాలూకా అడవి అంచు పల్లెల్లో ఆడవాళ్లు ఏటా చేసే పని అది.

ఆ రోజు చీకటి ఉండగానే పటేలు ఇంటి నుంచి వెట్టికి పిలుపు వచ్చింది. వడ్లు దంచి, తోడికోడళ్లు హన్మవ్వ, ఈరవ్వ అడవి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. కాళ్ల కింద ఆకు ఫెళఫెళా విరుగుతోంది.

"గిప్పుడొద్దే ఈరీ. గుట్ట మీద మీ బావున్నడు," అంది హన్మవ్వ. ఆమె భర్త మైసన్న పైన గడ్డిలో మేకలు మేపుతున్నాడు. కీళ్లు పట్టిన మనిషి.

"రేపు మల్ల వెట్టికి పిలుస్తరు. పువ్వంత ఎలుగుబంట్లు తిని ఊగుతుంటె మనం జూసుకుంట కూసుందామా?" ఈరవ్వ పడమర చూపించింది. "మొగులు జూడక్కా, ఎంత నల్లగున్నదో! వానే ఆర్పుతది."

ఎక్కడా ఆకు కదలడం లేదు. ఏటా చెట్ల చుట్టూ ఊడ్చి, మంట దాటకుండా నేల కనబడేలా దారి తీస్తారు. ఆ రోజు ఊరివైపే ఊడ్చి, గుట్టవైపు వానకు వదిలేశారు.

ఆకుకు నిప్పు పెడితే పొగ నిటారుగా లేచింది. కాసేపటికి మబ్బు కింది నుంచి చల్లటి గాలి వచ్చింది.

"సల్లగ పాణం లేసొచ్చిందక్కా!" ఈరవ్వ ముఖం పైకెత్తింది.

ఆ గాలిలో వాన లేదు. మంట ఒక్కసారి గుట్టవైపు వాలింది. వాలులో పైనున్న గడ్డిని ముందే ఎండగడుతూ, మనిషి పరుగు కంటే వేగంగా ఎక్కింది. ఇద్దరూ పచ్చి కొమ్మలతో కొట్టారు. కొమ్మలే మాడాయి.

"ఓ, నిన్నే! అవుతలికి దిగు!" హన్మవ్వ గొంతు చిరిగేలా అరిచింది.

గాలి ఆమె కేకను పైకి మోసింది, మాటలను మాత్రం మంట చప్పుడు మింగేసింది. భార్య పిలుస్తోందనుకున్నాడు మైసన్న. కర్ర ఊతంతో ఇటువైపే దిగసాగాడు.

"రాకు! రాకు!"

అతను వస్తున్నానన్నట్టు చెయ్యి ఎత్తాడు. పొగ కమ్మేసింది.

నాలుగు పెద్ద చినుకులు రాళ్ల మీద పడి ఆవిరయ్యాయి. అసలు వాన పొద్దుగూకాక, అతని శవాన్ని మంచం మీద మోసుకొస్తుండగా కురిసింది.

మర్నాడు పటేలు మనిషి వాకిట్లో నిలబడ్డాడు. "ఈరవ్వా, నువ్వొక్కదానివే రా. ఆమెకు ఇయ్యాల వద్దులే."

ఈరవ్వ రోకలి తీసుకుని అతని వెనక నడిచింది. హన్మవ్వ తల ఎత్తలేదు. అడవిలో ఇప్పపువ్వు నల్లటి నేల మీద రాలుతూనే ఉంది.