బెల్ నొక్కని అతిథి

అతిథి గదిలో కాలు పెట్టేలోపు చేయవలసిన పనులు:

మంచం మీద దుప్పటి ఒక్క ముడత లేకుండా లాగాలి. మడత అంచు దిండుకి జానెడు దూరంలో ఆగాలి.
ఆరు రకాల దిండ్ల జాబితా ఉన్న కార్డు మంచానికి కుడివైపు బల్ల మీద పెట్టాలి.
బాత్‌రూమ్ పాలరాతి గట్టు మీద నీటి చుక్క మిగలకూడదు. టవళ్ళ మడతలన్నీ తలుపువైపు చూడాలి.
అతిథి పేరు బంగారు రంగులో అచ్చువేసిన ఉత్తరాల కాగితం సరిచూడాలి. ఒక్క అక్షరం తప్పినా కట్టంతా మార్చాలి.
బైనాక్యులర్స్ అద్దాలు తుడవాలి.
బాల్కనీ కమ్మీల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. గంటాగి మళ్ళీ తుడవాలి.
చివరగా గుమ్మంలో నిలబడి, ఈ గదిలో ఇంతకు ముందు మనిషన్నవాడే అడుగుపెట్టలేదని మనకే నమ్మకం కుదిరేదాకా చూడాలి.

ఇలాంటివి మొత్తం నలభై మూడు. అన్నీ నాకు కంఠతా వచ్చు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అర్థమైనా కాకపోయినా బట్టీ పట్టడం నాకు కొత్త కాదు.

నేను చేరిన ఓడ అప్పటికింకా మొదటి ప్రయాణం చేయలేదు. రేవులో నిలబడి దాన్ని మొదటిసారి చూసినప్పుడు, పైదాకా చూడడానికి మెడ సరిపోక రెండడుగులు వెనక్కి వేశాను. పన్నెండు అంతస్తుల తెల్లటి గోడ నీళ్ళ మీద నిలబడి ఉంది. ఇంత బరువు మునగకుండా ఎలా ఉంటుందో పదో తరగతిలో చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కానీ చూశాక ఆ జవాబు నేనే నమ్మలేకపోయాను.

ఓడల్లో ఒక పద్ధతి ఉంది. డబ్బిచ్చే ప్రయాణికుల్ని ఎక్కించుకునే ముందు, ఒక రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా, సిబ్బంది బంధువుల్నే అతిథులుగా ఎక్కించుకుని పరీక్షగా సముద్రంలోకి వెళ్ళి వస్తారు. పై అంతస్తులో పన్నెండు ఖరీదైన సూట్లు. వాటి అతిథుల్ని చూసుకునే పన్నెండు మంది బట్లర్లం. తలా ఒక బంధువుని పిలుచుకోవచ్చు.

మా హౌస్‌కీపింగ్ మేనేజర్‌ని అందరూ గ్లౌజులమ్మ అనేవారు. తెల్ల గ్లౌజు వేలితో తలుపు పైఅంచు రాసి, ఆ వేలు మన ముక్కు ముందు పెట్టడం ఆవిడ అలవాటు. ముందు రోజు మమ్మల్ని వరసలో నిలబెట్టి చెప్పింది.

"చుట్టాలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అతిథి బెల్ నొక్కితే మూడు నిమిషాల్లో గుమ్మంలో ఉండాలి. ఎన్నిసార్లు పిలిచారు, ఏ లోపాలు చెప్పారు, అన్నీ మీ పరీక్ష కార్డులో పడాలి. కార్డు ఖాళీగా ఉంటే పరీక్ష జరగనట్టే. ఆ సూట్‌కి తాళం. ఆ బట్లర్ ఈ సీజనంతా కింది డెక్‌లో దుప్పట్ల గదిలో. ఇంకొకటి, బెల్ నొక్కమని మీరు బతిమాలకూడదు. గదిలోకి రాగానే చెప్పే ఒక్క మాట చెప్పండి, అంతే."

"ఖాళీ కార్డా? అలాంటి చుట్టం ఉంటే నాకు అప్పివ్వండి మేడమ్" అన్నాడు నా పక్కనున్న పొడుగాయన. పదకొండో సూట్ అతనిది. వాళ్ళ బావమరిది వస్తున్నాడు.

పన్నెండో సూట్ నాది. నేను మా బోగీ అత్తని పిలిచాను.

అత్త మా నాన్నకి అక్క. రైళ్ళ యార్డులో పెట్టెలు కడగడం, ఊడవడం ఆవిడ పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని కాబట్టి ఆ పేరు. ఓడ సంగతి చెప్పగానే ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు. మా నాన్నకి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. అమ్మేమో, "మీ అత్తని తీసుకెళ్ళు. ఆవిడ పడుకున్న గది ఇంకొకరు ఊడవడం జన్మలో ఒక్కసారైనా జరగాలి" అంది.

అత్త గుమ్మం బయట చెప్పులు విప్పి, వాటిని చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది.

"స్వాగతం మేడమ్. ప్రయాణం సుఖంగా జరిగిందా?" అన్నాను, నేర్చుకున్నట్టు కొంచెం వంగి.

అత్త వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నన్నేనా?"

"అవును మేడమ్."

"వీపు పగులుతుంది. మేడమేంటే?"

"రేపు మధ్యాహ్నం దాకా అలాగే పిలవాలి మేడమ్. ఉద్యోగం."

"సరే కానీ. నువ్వు నన్ను మీరు అంటే నాకు నవ్వొస్తుంది, ముందే చెప్తున్నా."

గది చూపించడం మొదలుపెట్టాను. మా ఇల్లు ఉన్నపళంగా తెచ్చి ఆ ముందుగదిలో పెడితే, చుట్టూ తిరగడానికి ఇంకా దారి మిగులుతుంది. ఒక గోడంతా అద్దం, అద్దం నిండా సముద్రం. స్నానపు తొట్టె కిటికీ పక్కనే ఉంది. అందులో పడుకుంటే కళ్ళ ఎత్తులో అలలు కనిపిస్తాయి. బాత్‌రూమ్ రాతి నేల మీద కాలు పెట్టి అత్త చటుక్కున వెనక్కి తీసింది.

"వెచ్చగా ఉందేమే? కింద ఎవరైనా పొయ్యి పెట్టారా?"

"కాళ్ళు చల్లబడకుండా రాయి కింద తీగలు వేస్తారు మేడమ్."

అల్మారా తలుపు తీయగానే లోపల దీపం దానంతటదే వెలిగింది. అత్త టక్కున మూసేసింది. "ఎవరో ఉన్నారనుకున్నా" అంది గుండె మీద చెయ్యి వేసుకుని. దిండ్ల కార్డు చదివి వినిపిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఆరు రకాలా? మనిషికి తల ఒకటేగా?"

చివరికి బల్ల మీది ఉత్తరాల కాగితం దగ్గర ఆగిపోయింది. తన పేరు బంగారు అక్షరాల్లో ఉంది. ముట్టుకోబోయి, చీర కొంగుకి వేలు తుడుచుకుని, అప్పుడు ముట్టుకుంది.

"ఏం కావాలన్నా ఈ బెల్ నొక్కండి మేడమ్. మూడు నిమిషాల్లో వస్తాను" అన్నాను. నేను చెప్పడానికి వీలున్న మాట అదొక్కటే. తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చేశాను.

బట్లర్లు కూర్చునే ప్యాంట్రీ సూట్ల వరస చివర ఉంటుంది. గోడ మీద పన్నెండు చిన్న దీపాలు. ఏ సూట్‌లో బెల్ నొక్కితే ఆ దీపం వెలుగుతుంది. పదకొండో దీపం ఓడ రేవు దాటకముందే వెలగడం మొదలైంది.

"సాక్సులు ఎక్కడ పెట్టుకోవాలో అడిగాడు" అన్నాడు పొడుగాయన తిరిగొచ్చి. పది నిమిషాలకి మళ్ళీ వెలిగింది. "ఐసు ముక్కలు గుండ్రంగా కావాలట." మూడోసారి: "సముద్రం ఇంకో వైపు నుంచి చూపించమంటున్నాడు. ఓడ తిప్పాలి కాబోలు. పెళ్ళిలో కూడా ఇంతే, నన్ను బతకనివ్వలేదు."

అందరం నవ్వాం. నా నవ్వు సాయంత్రానికల్లా ఆగిపోయింది. పన్నెండో దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

"మీ అతిథి బాగానే ఉన్నారా?" అన్నాడు పొడుగాయన. "ఒకసారి చూసిరాకూడదూ?"

పిలవకుండా వెళ్ళడానికి వీలున్నది ఒక్కసారే, సాయంత్రం పక్క సిద్ధం చేయడానికి. వెళ్ళాను. పక్క అప్పటికే సిద్ధంగా ఉంది. దుప్పటి మడత దిండుకి సరిగ్గా జానెడు దూరంలో ఉంది. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఇంకేమైనా కావాలా మేడమ్?"

"ఏం వద్దు తల్లీ, అన్నీ ఉన్నాయి. పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు, పోయి కాసేపు నడుం వాల్చు."

నేను వాల్చలేదు. ఏ చిన్నదానికీ ఇంకొకరిని పిలవడం ఆవిడకి తెలియదని నాకు ముందే తెలుసు. తెలిసీ పిలిచాను. గొప్ప గది చూపించాలన్న సరదాయే తప్ప, ఆ గదిలో ఉండాలంటే ఏం రావాలో ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గ్లౌజులమ్మ తనిఖీ. రాత్రి కెరటాలు కొంచెం పెద్దవయ్యాయి. సూట్ సూట్‌కీ ఆవిడ మొహం మాడుతూ వచ్చింది. పదకొండు సూట్లలోనూ ఒకటే ఫిర్యాదు: ఓడ ఒరిగినప్పుడల్లా అల్మారా తలుపు టకటకా కొట్టుకుంటోంది, హ్యాంగర్లు గలగలమంటున్నాయి, కంటి మీద కునుకు లేదు. పొడుగాయన బావమరిది అయితే అల్మారాకి కుర్చీ అడ్డం పెట్టి, కుర్చీకి తను అడ్డం కూర్చున్నాడట.

పన్నెండో సూట్ తలుపు తీసి గ్లౌజులమ్మ గుమ్మంలోనే ఆగింది.

"ఈ గదిలో ఎవరైనా పడుకున్నారా?"

"పడుకున్నారు మేడమ్."

తలుపు పైఅంచు మీద వేలు రాసింది. వేలు చూసుకుంది. ఇంకోసారి రాసింది. తర్వాత నా కార్డు తీసుకుంది.

"పిలుపులు సున్నా. లోపాలు సున్నా. పరీక్ష జరగలేదు. సూట్‌కి తాళం వెయ్యండి. నువ్వు రేపట్నుంచి దుప్పట్ల గది."

బాత్‌రూమ్ లోంచి అత్త వచ్చింది. మోచేతుల దాకా తడి.

"దాన్నెందుకమ్మా కిందికి పంపుతారు? నేనేమన్నా పాడు చేశానా?"

"మీరేమీ పాడు చేయలేదమ్మా. అదే ఇబ్బంది. ఇంత పెద్ద గదిలో ఒక్క వంక కూడా కనబడలేదా మీకు?"

"వంకేంటమ్మా, దేవుడు దిగే చోటులా ఉంది."

అప్పుడే ఓడ ఒక పక్కకి ఒరిగింది, మెల్లగా రెండో పక్కకి లేచింది. గ్లౌజులమ్మ ఏదో అనబోయి చెయ్యెత్తి ఆగిపోయింది. గదిలో చప్పుడు లేదు. ఇంకోసారి ఒరిగింది. అప్పుడూ అంతే.

"మీ అల్మారా ఎందుకు కొట్టుకోవడం లేదు?"

అత్త మొహం తప్పు చేసిన పిల్ల మొహంలా అయింది. "అట్టముక్క పెట్టానమ్మా, తలుపు తిరిగే కింది బందు దగ్గర. స్లిప్పర్లు వచ్చిన డబ్బాది. పారేసేదే కదా అని..."

గ్లౌజులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. నాలుగు మడతల అట్టముక్క, బయటికి కనబడకుండా, ఉండాల్సిన చోట ఉంది.

"బందు దగ్గరే పెట్టాలని మీకెలా తెలిసింది?"

"జనం కుక్కేది అక్కడేగా. రైల్లో తలుపు ఎక్కడ కొట్టుకుంటుందో అక్కడ కాగితం మడిచి పెడతారు. టిక్కెట్లు, సిగరెట్ పెట్టెలు, ఏది దొరికితే అది. అవన్నీ పీకి ఊడ్చేది నేనే. ఎక్కడ పీకానో అక్కడే పెట్టా."

యార్డులో అత్త కడిగిన పెట్టెలన్నీ ఆగి ఉన్నవే. కదిలే పెట్టెలో ఆవిడ ఎప్పుడూ పని చేయలేదు. ఆగిన పెట్టెల్లో జనం వదిలేసిన చెత్త చూసి, కదిలే గది ఎక్కడ అరుస్తుందో ఇరవై ఎనిమిదేళ్ళుగా నేర్చుకుంటూ ఉంది. మా శిక్షణ పుస్తకం మూడు వందల పేజీలు. అందులో ఈ మాట ఎక్కడా లేదు.

"ఇంకేం చేశారమ్మా?" గ్లౌజులమ్మ గొంతు మారింది. గ్లౌజు విప్పి పెన్ను తీసింది. ఆవిడ వట్టి చేతిని మేమెవరమూ అంతకు ముందు చూడలేదు.

అత్త ఒక్కొక్కటే చూపించింది. హ్యాంగర్ల మధ్య జేబురుమాళ్ళు. కాఫీ ట్రే కింద తడి గుడ్డ, జారకుండా. బాత్‌రూమ్‌లో నీళ్ళు పోయే జాలీ కింద తడి ఎండితే కంపు పైకొస్తుందని మూడు గంటలకోసారి చెంబెడు నీళ్ళు. మంచం పక్క దీపం మూతి కళ్ళలో పడకుండా గోడవైపు. బాల్కనీ తలుపు గాడిలో ఇసుక రేణువులు, పళ్ళ పుల్లతో తీసినవి, కాగితంలో పొట్లం కట్టి. గ్లౌజులమ్మ నేల మీదే చతికిలపడి రాసుకుంది. లెక్క పదహారుకి వచ్చింది.

"ఇవన్నీ బెల్ నొక్కి చెప్తే సరిపోయేదిగా అమ్మా?"

"చేత్తో అయిపోయేదానికి నోరెందుకమ్మా?"

గ్లౌజులమ్మ లేచి నిలబడింది. "లోపాల గడి నిండింది. పిలుపుల గడి ఇంకా ఖాళీ. రూలు రూలే. పన్నెండింటి దాకా టైముంది. మీకు నిజంగా ఏదైనా కావాలంటే పిలవండి. ఈ పిల్లకోసం ఉత్తుత్తి పిలుపు వద్దు. నాకు తెలిసిపోతుంది."

నేను ప్యాంట్రీకి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. పది అయింది. పదకొండు అయింది. పొడుగాయన జోకులు మానేసి నా పక్కన నిలబడ్డాడు. దూరంగా రేవు కనబడటం మొదలైంది. నాకు దుప్పట్ల గది భయం ఉన్నమాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఆవిడకి నిజంగానే ఏమీ అక్కర్లేదేమో? కావాలనుకోవడం అనేదే, పనిలో పడి, ఎక్కడో పారేసుకుందేమో?

పదకొండూ నలభై ఒకటికి పన్నెండో దీపం వెలిగింది.

"పరిగెత్తు!" అన్నాడు పొడుగాయన.

పరిగెత్తకూడదు, అదీ రూలే. గబగబా నడిచి, రెండుసార్లు తట్టి, లోపలికి వెళ్ళాను. గదిలో అత్త లేదు. బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాపుకుని. ఆవిడ కాళ్ళు చాపుకోవడం నేను పుట్టిన తర్వాత చూడలేదు.

"పిలిచారా మేడమ్?"

అత్త తల తిప్పలేదు. "ఇది చూడవే. ఎంత పెద్దగా ఉందో. ఇంత పెద్దది, ఎవరూ తుడవక్కర్లేనిది, ఇదే చూడటం."

నేను చూశాను. నెల రోజులుగా ఓడలో ఉండి కమ్మీల మీద ఉప్పే చూశాను తప్ప, నీళ్ళని అప్పుడే చూశాను. చివర కనబడలేదు.

"టీ కావాలి" అంది అత్త. "వేడిగా. నేను ఇక్కణ్ణించి లేవను. కప్పు కూడా కడగను, చెప్తున్నా. నువ్వే తియ్యాలి."

"తప్పకుండా మేడమ్."

వెనక్కి తిరిగేసరికి, దీపం చూసి నా వెనకే వచ్చిన గ్లౌజులమ్మ గుమ్మంలో వాచీ చూసుకుంటోంది. "రెండు నిమిషాల పది సెకన్లు" అని కార్డులో రాసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "టీ మంచి కప్పులో తీసుకెళ్ళు" అంది.

తీసుకెళ్ళాను. అత్త తాగింది. కప్పు అక్కడే వదిలేసింది.

వారం తిరక్కుండా పన్నెండు సూట్లలోనూ అల్మారా బందులు మార్చారు. అతిథి వచ్చేలోపు చేయవలసిన పనులు ఇప్పుడు యాభై తొమ్మిది. చివరి పదహారూ నేనే సాఫుగా రాసిచ్చాను. కింద "తయారుచేసినవారు" అన్నచోట అత్త పేరు రాశాను. అచ్చయి వచ్చేసరికి అక్కడ "హౌస్‌కీపింగ్ విభాగం" అని ఉంది. పుస్తకంలో మనుషుల పేర్లు వెయ్యడం పద్ధతి కాదట. గ్లౌజులమ్మ కూడా ఒక మాట వేసి చూసింది, కుదరలేదు.

అత్త తిరిగి యార్డు పనిలోకి వెళ్ళిపోయింది. నేను పన్నెండో సూట్‌లోనే ఉన్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకి ఆ పదహారూ నేర్పుతున్నాను, ఎవరివో చెప్పి మరీ నేర్పుతున్నాను. నా మాట చేరేది పది మందికే. అందుకని ఇది చదివిన మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. బోగీ అత్త అని ఒక మనిషి ఉంది. ఆవిణ్ణి గుర్తుపెట్టుకోండి.