కనుక్కుని రా

"జీడిపప్పు నానేశావా?" అని చంద్రశేఖర్ పక్క మీద నుంచే కేకేశాడు. హరిణి అప్పటికే నానేసింది, రుబ్బింది, పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టిన నిన్నటి గిన్నె మూత తీసి పులుపు చాలిందో లేదో వాసన కూడా చూసింది. మొగుడు పాలూ పెరుగూ మానేసి వీగన్ అయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మానేసినవాడికి పనేమీ పెరగలేదు. జీడిపప్పుతో పెరుగు, బాదంతో పాలు, కొబ్బరితో వెన్నలాంటిదేదో. బెంగుళూరు హూడిలోని ఆ రెండు గదుల ఇంట్లో మిక్సీ ఆగని పొద్దు లేదు. ఊరి నుంచి అత్తగారొస్తే ఆవిడకి మామూలు పెరుగు, వేరే గిన్నె, వేరే గరిటె. "మావాడి నిష్ఠ చూశావా!" అనేది ఆవిడ గడ్డపెరుగు కలుపుకుంటూ. నిష్ఠ కొడుకుది, చాకిరీ కోడలిది. ఈ రెండో ముక్క మాత్రం ఆవిడ నోట ఎన్నడూ రాలేదు.

ఆవుల మీద జాలి హరిణికి లేదా? ఉంది. దూడ నోటి దగ్గర పాలు లాక్కోవడం తప్పని చంద్రశేఖర్ చెప్పినప్పుడు ఆమెకీ మనసు చివుక్కుమంది. ఒకే ఇంట్లో రెండు రకాల తిండేంటని అతనంటే, నిజమే కదా అనుకుని తనూ మానేసింది. నీకిష్టమేనా అని అతను అడగలేదు. ఆమె కూడా తనని తాను అడగలేదు. అంతవరకూ సరిపెట్టుకునేదే. అతను యూట్యూబులో 'హింస లేని విస్తరి' అని ఛానెల్ పెట్టి, దేశంలో ఊరూరా శాకాహార హోటళ్ళకు తిరగడం మొదలుపెట్టాకే ఆమెకి అసలు ఉద్యోగం దొరికింది. వైట్‌ఫీల్డులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఉద్యోగం కాదు. ఆ ఉద్యోగంలో మిగిలిన సెలవులన్నీ పోసి చేసే రెండో ఉద్యోగం.

ఆ ఉద్యోగం పేరు కనుక్కుని రావడం. హోటల్లో కూర్చోగానే చంద్రశేఖర్ కెమెరా స్టాండు బిగించుకుంటూ, "హరిణీ, కనుక్కుని రా" అంటాడు. కూరలో నెయ్యి వేశారా, గ్రేవీలో మీగడ ఉందా, రోటీ పిండి పాలతో కలిపారా. సర్వర్‌కి తెలియదు. సర్వర్లకి ఎప్పుడూ తెలియదు. ఇక వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఆ పొగలో, ఆ కేకల్లో, చెమట కారుతున్న వంటవాళ్ళను ఆపి అడగాలి. పాలు వద్దు, నెయ్యి వద్దు, పెరుగు వద్దు అనే ముక్కని ఆమె ప్రతి రాష్ట్రానికీ ముందే నేర్చుకుని బయల్దేరేది. కన్నడంలో హాలు బేడ, తుప్ప బేడ, మొసరు బేడ. తమిళంలో పాల్ వేండామ్, నెయ్ వేండామ్. మంచినీళ్ళు కావాలి అనడం చాలా భాషల్లో ఆమెకి ఇప్పటికీ రాదు. "మీరే అడగొచ్చు కదా" అని ఒకసారి అంటే, "లేడీస్ అడిగితే పొలైట్‌గా చెప్తారు. నేను అడిగితే ఏదో ఇన్‌స్పెక్షన్‌లా ఫీలవుతారు" అన్నాడు. అత్తగారు ఫోన్లో ఇంకాస్త విడమరిచింది. "మగాడు పోయి వంటింటి గుమ్మంలో నిలబడితే ఏం బాగుంటుందమ్మా?"

పొలైట్‌గా చెప్పినవాళ్ళు లేకపోలేదు. జైపూర్‌లో మాత్రం ఒక వంటమనిషి పెనం మీద రొట్టెకి నెయ్యి రాస్తూ ఆమెను ఎగాదిగా చూసి, నెయ్యి పడనివాళ్ళు ఆసుపత్రికి పోవాలి గానీ హోటలుకెందుకొచ్చారని హిందీలో అన్నాడు. వెనకున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఆ నవ్వు కన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది ఆ వాసన. వేడి రొట్టె మీద కరిగే నెయ్యి వాసన. నోట్లో నీళ్ళూరుతుంటే, అది వెయ్యొద్దని బతిమాలుతూ నిలబడింది. కాశీలో బహిష్టు నొప్పితో నడుం పట్టుకుని మేడ మీది వంటింటికి రెండుసార్లు ఎక్కి దిగింది. ఆ వీడియో బయటికొచ్చాక చూస్తే, చంద్రశేఖర్ గొంతు ఎంతో వినయంగా చెబుతోంది: "నేను స్వయంగా వంటవాళ్ళతో మాట్లాడి కన్ఫర్మ్ చేసుకున్నాను ఫ్రెండ్స్." స్వయంగా! హరిణి చేతిలో ఫోను పక్కన పెట్టి, అతని చొక్కాలు ఇస్త్రీ చేసింది. ఆ రోజు అన్నీ అడ్డదిడ్డంగానే చేసింది గానీ, అది కూడా ఎవరూ గమనించలేదు.

పుణేలో తేడా వచ్చింది. పాలు లేవని సర్వరు చెప్పాడు, వంటింట్లోనూ చెప్పారు, ఆమె నమ్మింది. సగం తిన్నాక చంద్రశేఖర్‌కి మిఠాయిలో కోవా తగిలింది. బెంగుళూరు రైలెక్కారు. ధర్మవరం దాటాక ఒక్క మాటన్నాడు. "ఒక్క పని. నీకు చెప్పింది ఒక్కటే పని." పైబెర్తు మీదకి అతని సంచీ, కెమెరా, స్టాండు, జీడిపప్పు పెరుగు డబ్బా ఎక్కించిన చేతులు ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. ఇంటికి రాగానే అత్తగారి ఫోను. "దానికి శ్రద్ధ లేదురా" అని స్పీకర్లో వినబడింది. కోవా కలిపినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. అబద్ధం చెప్పిన సర్వరునీ అనలేదు. దేశంలో పాడిపశువులన్నిటికీ జరిగిన అన్యాయం తిరిగి తిరిగి వచ్చి హరిణి నెత్తిన కూర్చుంది.

ఇంతా కనుక్కుని వచ్చి ఆమె తిన్నదేమిటి? రకాలు ఎక్కువ చూపించాలని ప్రతిదీ బై-టూ, ఇద్దరికీ కలిపి ఒక్కటే, చెప్పేవాడు. కంచం రాగానే షూటింగు. పైనుంచి, పక్కనుంచి, ఆవిరి కనబడేలా. మొదటి ముద్ద అతను కెమెరా ముందు తిని కళ్ళు మూసుకుని తలాడించాలి. అది కుదరకపోతే మళ్ళీ. ఆమె దాకా వచ్చేసరికి దోసె తోలులా సాగేది. మదురైలో భోజనం పంచుకోకూడదని బోర్డు ఉంటే ఒకే ఆకు వేయించి, "తనకి ఆకలి లేదండీ, డైటింగ్" అని వడ్డించేవాడితో నవ్వుతూ చెప్పాడు. ఆమె పక్కన కూర్చుని ఆ ఆకు చుట్టూ ఈగలు తోలింది. మధ్యాహ్నం మండుటెండలో బస్సెక్కి సంచీలోని అటుకులు తింది.

ఇవాళ ఆదివారం. ఊళ్ళు తిరగడం అయిపోయిందని ఛానెల్ చూసేవాళ్ళు పదిమందిదాకా కలిసి భోంచేద్దామన్నారు. చంద్రశేఖర్ వాళ్ళను ఇంటి దగ్గరే ఉన్న సుమ మెస్సుకి పిలిచాడు. సుమ పుట్టి పెరిగింది బెంగుళూరులోనే. వాళ్ళ తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగే. శాకాహారం మెస్సు పెట్టి, అవరెకాయల, అదే అనపకాయల, కాలమొస్తే రాగిసంగటీ పితికిపప్పూ చేస్తుంది. నానిన గింజల్ని ఒక్కొక్కటే వేళ్ళతో పితికి పొట్టు తీస్తే గాని కాని కూర అది. ఆ వాసన వీధి మలుపు దాకా వస్తుంది.

అందరూ కూర్చున్నారు. చంద్రశేఖర్ తన ప్రయాణాల గురించి చెబుతున్నాడు. ఎంత కష్టపడి తిరిగాడో, ఒక్క జీవినీ నొప్పించకుండా దేశమంతా ఎలా తినొచ్చో. వాళ్ళు చప్పట్లు కొట్టారు. సుమ కంచాలు పెడుతూ హరిణి దగ్గర ఆగింది.

"హరిణక్కా, నువ్వూ ఊర్లన్నీ తిరిగొస్తివి కదా. నీకు ఏడ తినింది శానా బాగుండె?"

అంత మామూలు ప్రశ్న. హరిణి నోరు తెరిచింది. ఉడుపి అనుకుంది, గుర్తొచ్చింది వంటింటి తలుపు. అమృతసర్ అనుకుంది, గుర్తొచ్చింది పొయ్యి ముందు ఒకతని చెమట పట్టిన వీపు. మదురై అంటే ఈగలు. ఒక్క రుచి కూడా నాలిక మీదకి రాలేదు. దేశమంతా తిరిగిన మనిషికి చెప్పుకోడానికి ఒక్క ముద్ద లేదు. అరికాళ్ళ నుంచి మంట లేచింది. పోయిన సెలవుల మీద కాదు, జైపూర్ నవ్వు మీద కూడా కాదు. ఇన్నాళ్ళూ తనకి ఆకలేస్తోందన్న సంగతి తనే మరిచిపోయినందుకు.

"తనకి అన్నీ నచ్చుతాయండీ, నో కంప్లెయింట్స్" అన్నాడు చంద్రశేఖర్ ఆమె బదులు.

"అడిగి వచ్చింది నేను సుమా, తిన్నది ఆయన. రుచులు ఆయన్నే అడుగు" అంది హరిణి.

ఎవరో నవ్వారు. జోకు కాదని తెలిసి ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "మా హరిణికి సెన్సాఫ్ హ్యూమర్ కొంచెం ఎక్కువ" అని చంద్రశేఖర్ సర్దేశాడు.

సంగటి వచ్చింది. పొగలు కక్కుతూ, నున్నగా, పక్కన పితికిపప్పు. "ఆగాగు, షాట్ తీసుకోనీ" అన్నాడతను. హరిణి ముద్దలోకి వేళ్ళు దించింది. చుర్రుమంది. తుంచి పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది. నాలిక కాలింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత వేడిగా తిని ఎన్నాళ్ళయిందో లెక్క కట్టడం కూడా దండగనిపించి మరో ముద్ద తుంచింది.

చంద్రశేఖర్ మొహం మాడిపోయింది. అయినా కెమెరా తన కంచం మీదకి తిప్పి, సంగటిని అనుమానంగా చూశాడు. పైన మెరుస్తోంది. ఆమె చెవి దగ్గరకి వంగి గొంతు తగ్గించాడు. "ముద్ద కట్టేటప్పుడు చేతికి నెయ్యి రాసుకున్నారేమో. లోపలికెళ్ళి కనుక్కుని రా."

సుమ వాళ్ళకి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

హరిణి నోట్లోది మింగి, "సుమా, నెయ్యి ఉందా?" అంది గట్టిగా. చంద్రశేఖర్ ఊపిరి పీల్చుకుని వెనక్కి జారబడ్డాడు.

"ఉండాదక్కా. ముద్దలు నీళ్ళ చేత్తోనే కట్టినాం. కావాలన్నోళ్ళకి మింద ఏస్తాము."

"అయితే నాకు వెయ్యి" అంది హరిణి, కంచం ముందుకు జరిపి. "ఇంకాస్త వెయ్యి. ఆయనకేం కావాలో ఆయనే అడుగుతారు."