రాగి పలక మీద సింహాలమ్మ గీత

నేను ఒక నల్ల మార్కర్ పెన్నును. ఏ కార్ఖానాలో పుట్టానో అడగకండి. మూత బిగించి మరీ పుట్టించారు నన్ను. నేను వెలుగు చూసింది విజయనగరంలో, పోలినాయుడుగారి రేడియో కొట్టులో. బాగుచేసిన సామాను మీద సొంతదారు పేరు రాయడమే నా ఉద్యోగమనుకున్నాను. ఆయన అంతకంటే పెద్ద పని అప్పగించాడు.

రాగిరేకు అంటించిన పలక మీద నాతో గీతలు గీసి, దాన్ని ద్రావకంలో ముంచేవాడు. నా సిరా కప్పిన చోట రాగి నిలిచేది, తక్కినదంతా కరిగిపోయేది. ఆ మిగిలిన గీతల్లోనే కరెంటు నడిచేది. పని కాగానే థిన్నరుతో నా సిరా తుడిచేసేవాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం మనుషులకు అలవాటే కదా అని సరిపెట్టుకునేవాణ్ణి.

అంతలో ఆయన చేతికి వణుకు పట్టుకుంది. గొంతు దెబ్బతిన్న ఒక టీచరమ్మ, పాఠం పిల్లలకు వినబడేలా మెడలో వేసుకునే చిన్న స్పీకరు చేసిమ్మంది. మూడు పలకలు వరసగా పాడయ్యాయి. నన్ను బల్ల మీద పడేసి, "ఇంకొక్కటే పలకుంది. ఇదీ పోతే కొట్టు మూసెత్తానే" అన్నాడు భార్యతో.

సింహాలమ్మ ముప్పయ్యేళ్లుగా రోజూ వాకిట్లో ముగ్గు పెడుతున్న మనిషి. "సుక్కలెక్కడో సూపించండి, గీత నాను లాగుతాను" అంది. ఆ చేతిలో నేను ఒక్కసారి కూడా తడబడలేదు. అంత హాయి నేనెప్పుడూ ఎరగను.

తీరా పలకను ద్రావకంలో ముంచి తీసి, సామానంతా దాని మీద అతికించాక స్పీకరు ఉలకలేదు, పలకలేదు. పోలినాయుడు భూతద్దం పెట్టి వెతికాడు.

"ఈ మూల రెండు గీతలూ ఎందుకు కలిపీసినావు?"

"ముగ్గు మూల తెరిసి ఒగ్గెత్తారేటండి? ఇంటికి మంచిది కాదు."

ఆయన భూతద్దం పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "ఇది వాకిలి కాదే. ఇక్కడ మూల మూసెత్తే కరెంటు అడ్డదారి పట్టేత్తాది. బ్లేడుతో గీకీ."

పైడితల్లమ్మకు దండం పెట్టుకుని ఆమె వెంట్రుకవాసి సందు చేసింది. పోలినాయుడు స్విచ్చి వేసి మైకు దగ్గర దగ్గాడు. స్పీకర్లోంచి వచ్చిన ఆ దగ్గుకి ఎదుటి మంగలికొట్టు వాళ్లంతా తలలు తిప్పి చూశారు.

ఇప్పుడు నా సిరా ఎండిపోయింది. పాత స్పేర్ల డబ్బాలో పడి ఉన్నాను. నాకేం కొరత లేదు. ఆ రెండు జతల చేతులూ నన్ను పట్టుకున్నందుకు వాటికి రుణపడి ఉన్నాను. కొట్టు రోజూ తెరుస్తున్నారు. మేస్త్రీ స్టూలు మీద సింహాలమ్మ కొత్త పెన్నుతో గీస్తుంటుంది. పోలినాయుడు ఖాతాదార్ల బెంచీ మీద కూర్చుని, "మూల ఒగ్గీ, మూల ఒగ్గీ" అంటుంటాడు.