రెండు వేళ్ళ గుడ్డ

"ఇది భలే ఉంది వదినా" అన్న మాట వింటే ఏ ఆడదానికైనా సంతోషంగా ఉంటుంది. నాకు మాత్రం గుండె గుభేలుమంటుంది. మా ఇంట్లో ఆ మాట వెనకాలే ఇంకో మాట వస్తుంది. అది మా అత్తయ్య అంటుంది. "అంత ముచ్చటపడుతోంది, బుజ్జికిచ్చెయ్యవే. నీకేం, చేతిలో పని, మళ్ళీ కుట్టుకుంటావు." అంతే, వారం రోజులు కూర్చుని నాకోసం కుట్టుకున్న గౌను సంచిలో పడి, రెండు వీధుల అవతలున్న మా ఆడపడుచు బుజ్జి ఇంటికి వెళ్ళిపోతుంది. పద్నాలుగేళ్ళలో అలా పదకొండు వెళ్ళాయి. మొదటిది లేత నీలం, పెళ్ళయిన మూడో నెలలో. అప్పుడు మా ఆయన నన్ను మెచ్చుకున్నారు, ఎంత తొందరగా మాలో కలిసిపోయావో అని. ఆ మెప్పు రుచి మరిగి రెండోది ఎవరూ అనకముందే నేనే తీసి ఇచ్చాను. మూడోదాని నుంచి అది ఇంటి పద్ధతి అయిపోయింది. పద్ధతికి పునాది రాయి వేసింది నేనే కాబట్టి గట్టిగా ఎవరినీ అనడానికి లేదు.

ఇంటిల్లిపాదికీ గుడ్డలు నేనే కుడతాను. రెడీమేడ్ కొంటే ఇంటి ఖర్చు తట్టుకోలేమని మొదలుపెట్టాను. పిల్లల స్కూలు బట్టలు, ఆయన చొక్కాలు, అత్తయ్య వదులు గౌన్లు, కిటికీ తెరలు, దిండు గలీబులు, అన్నీ. మిషను నడవా చివర, మాసిన బట్టల బుట్టకీ చీపుళ్ళకీ మధ్య ఉంటుంది. స్నానానికి వెళ్ళేవాళ్ళంతా నన్ను దాటుకుంటూ వెళ్ళాలి. దాటుతూ ఒక్కొక్కరూ ఒక్కొక్క పని చెబుతారు: ఇక్కడ గుండీ ఊడింది, అక్కడ చిరిగింది. ఆయన ఆఫీసు కాగితాలు ఇంటికి తెచ్చుకున్నప్పుడు పిల్లలు గుసగుసగా మాట్లాడుకోవాలి. నేను మిషను తొక్కుతుంటే మాత్రం టీవీ శబ్దం పెంచుకుంటారు. ఎవరైనా స్నేహితులొస్తే ఆయన గర్వంగానే చెబుతారు, "మా ఆవిడకి కుట్టుపని కాలక్షేపం" అని. రోజంతా నేను పనిచేసే దుకాణంలో నిలబడి, ఇంటికొచ్చి వంట చేసి, గిన్నెలు సర్ది, ఆ పైన ఆరు చొక్కాలకి గుండీలు కుడితే దాన్ని కాలక్షేపం అంటారని ఆయన చెప్పేదాకా నాకు తెలీదు.

గొడవ పెట్టుకునే ధైర్యం లేనివాళ్ళకి ఉపాయాలు బాగా వస్తాయి. నాకు వచ్చిన ఉపాయం, ఎవరికీ నచ్చకుండా కుట్టుకోవడం. బురద రంగు, బూడిద రంగు, నీళ్ళ టీ రంగు. మెడ పైదాకా, చేతులు సంచుల్లా, నడుము ఎక్కడుందో నాకే తెలియకుండా. ఉపాయం పారింది. ప్రతి ఆదివారం ఆడపడుచు వచ్చేది, నన్నోసారి ఎగాదిగా చూసేది, ఏమీ అనేది కాదు. నా ప్రాణం కుదుటపడేది. అయితే ఇంట్లో నాకు రంగుల తెలివి లేదన్న పేరు స్థిరపడిపోయింది. ఎక్కడికైనా బయల్దేరే ముందు ఆయన గుమ్మంలో నిలబడి, "అందరికీ అంత బాగా కుడతావు, నీ దగ్గరికొచ్చేసరికి ఏమవుతుంది నీకు?" అనేవారు. ఏమవుతుందో చెప్పేదాన్ని కాదు. చెప్పులు వేసుకుని వెంట నడిచేదాన్ని.

ఇంకో అలవాటు కూడా ఉంది. బుజ్జి నాకంటే కాస్త ఒళ్ళున్న మనిషి. మొదట్లో గౌను ఇచ్చే ముందు పక్క కుట్లు విప్పి వదులు చెయ్యాల్సి వచ్చేది. లోపల గుడ్డ చాలక ఒకటి రెండు సార్లు అత్తయ్య చేత చీవాట్లు తిన్నాను. అందుకని కుట్టేటప్పుడే లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ వదలడం మొదలుపెట్టాను. ఎవరూ అడగని బురద రంగు గౌన్లకి కూడా వదిలేదాన్ని. చెయ్యి దానంతటదే వదిలేసేది.

తమాషా ఏమిటంటే, ఎవరికేది నప్పుతుందో చెప్పడమే నా ఉద్యోగం. కళ్ళద్దాల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడతాను. "ఫ్రేము వంక చూడకండి, మీ మొహం వంక చూసుకోండి" అని చెబుతాను. నా మాట మీద నమ్మకంతో చెల్లెళ్ళనీ కోడళ్ళనీ వెంటబెట్టుకొచ్చేవాళ్ళున్నారు. మా యజమాని కూడా నన్ను మెచ్చుకుంటాడు. ఒకరోజు ఫ్రేములు తెచ్చిన ఏజెంటుతో నా ముందే అన్నాడు, "మా మేడంలో గొప్ప ఏంటంటే గోడలో కలిసిపోతారు. అందుకే సరుకు బాగా కనపడుతుంది" అని. మా దుకాణం గోడలు నీళ్ళ టీ రంగు. ఆ రోజు నా గౌను కూడా అదే. ఏజెంటు నవ్వితే నేనూ నవ్వాను.

అదే వారంలో ఒక పెద్దావిడ కూతురిని తీసుకుని వచ్చింది. తనకోసం రెండు ఫ్రేములు తీయించి, రెంటి మధ్యా తేల్చుకోలేక, "ఏదీ, నువ్వోసారి పెట్టుకుని చూపించమ్మా" అంది నాతో. పెట్టుకున్నాను. కాసేపు పరీక్షగా చూసి, పాపం ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే, "వద్దులేమ్మా, నీ మీద ఏం పెట్టినా తెలీదు" అని ఆ ఫ్రేము తీసి కూతురి మొహానికి పెట్టి చూసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో అద్దం ఉంది, నావైపు తిప్పుకున్నాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆడపడుచు కంట్లో పడకూడదని మొదలుపెట్టినదాన్ని, ఆ ధోరణిలోనే అందరి కళ్ళలోంచీ తప్పుకుని, చివరికి నాకు నేనే కనపడకుండా పోయాను. ఏడుపు ముంచుకొచ్చింది. బేరాల వేళ ఏడవకూడదు కదా, అద్దాలు తుడిచే గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న ఆ అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ముక్కలావిడ దగ్గరికి వెళ్ళాను. మిల్లుల్లో మిగిలిన కట్ పీసులు అమ్ముతుంది కాబట్టి ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. నన్ను చూడగానే అడక్కుండానే బూడిద రంగు కట్ట లాగబోయింది. ఈసారి అది వద్దన్నాను. మరి ఏ రంగు కావాలంది. ఆయనకి నీలం, అత్తయ్యకి మాపు కనపడనిది, పిల్లల్లో ఒకరికి ఎరుపు, ఇంకొకరికి ఎరుపు తప్ప ఏదైనా. ఇంట్లో ఎవరి సంగతి అడిగినా గడగడా చెప్పగలను. నా సంగతి అడిగేసరికి, చదవని పాఠంలోంచి ప్రశ్న వచ్చినట్టుంది.

"తెలీదు" అన్నాను.

ముక్కలావిడ నవ్వలేదు. కుప్పల పక్కనున్న నిలువుటద్దం ముందు నన్ను నిలబెట్టి, ఒక్కొక్క ముక్కే భుజం మీద వేసి చూసుకోమంది. దుకాణంలో రోజూ పదిమందికి చెప్పే మాటే నాకు నేను చెప్పుకున్నాను, గుడ్డ వంక కాదు, మొహం వంక చూడాలని. పసుపు వేసుకుంటే జ్వరం నుంచి లేచినదానిలా ఉన్నాను. ఊదా వేసుకుంటే ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. అలా ఏడెనిమిది అయ్యాక కాల్చిన ఇటుక రంగు ముక్క ఒకటి వేసుకున్నాను. నా మొహం కనపడింది. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలీదు. కళ్ళూ, చెంపలూ, కాస్త వంకరగా ఉన్న ముక్కూ, అన్నీ ఎక్కడున్నవి అక్కడ కనపడ్డాయి.

ముక్క చిన్నది. చిన్నది కాబట్టే నా చేతికి అందే ధరలో ఉంది. మోచేతుల దాకా చేతులు రావాలంటే కొలతలు గట్టిగా చూసుకోవాలమ్మాయ్, అంటూ ముక్కలావిడ తన మెడలోంచి టేపు తీసింది. నేను ఎందరి కొలతలో తీశాను గానీ నావి ఎప్పుడూ తీసుకోలేదు. పాత గౌను పరిచి దాని మీదే కత్తిరించుకోవడం అలవాటు. ఒకసారి ఆయన్ని టేపు కొస పట్టుకోమంటే, "పాతది పెట్టి కోసుకో, నువ్వేమైనా పెరుగుతున్నావా" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండా. ముక్కలావిడ నా వెనక నిలబడి మెడ నుంచి ఒక భుజానికీ, మెడ నుంచి ఇంకో భుజానికీ టేపు పెట్టింది. ఆగి, మళ్ళీ పెట్టింది.

"కుడి భుజం వేలెడు కిందికుంది. తెలుసా?"

తెలీదన్నాను.

"మిషను ముందు ఒరిగి కూర్చుంటావు కాబోలు. అందుకే నీకు ఏ గౌనైనా జారిపోతున్నట్టుంటుంది. ఈ భుజం ఎలా ఉందో అలాగే కోసుకో, చక్కగా కూర్చుంటుంది" అంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేనట్టు, టేపు చుట్టేసుకుంది. చిన్నప్పుడు మా అమ్మ కొలతలు తీసిన తర్వాత నన్ను ఇంత శ్రద్ధగా కొలిచినవాళ్ళు లేరు. బయటికొచ్చాక చాలాసేపు నా కుడి భుజాన్ని నిమురుకుంటూ నడిచాను.

శనివారం మధ్యాహ్నం నడవాలో నేల మీద గుడ్డ పరిచాను. సుద్దముక్కతో కొలతలు గీసి, అలవాటు ప్రకారం పక్కలకి రెండు వేళ్ళు వదిలాను. చేతులకి గుడ్డ చాలలేదు. నిలువుగా తిప్పాను, అడ్డంగా తిప్పాను, మెడ పట్టీ వేరే గుడ్డతో వేద్దామనుకున్నాను. ఏం చేసినా చాలలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతలన్నీ చూస్తుంటే అప్పుడు తట్టింది. చేతులకి కావలసిన గుడ్డ నా కళ్ళముందే ఉంది, ఆ రెండు వేళ్ళలో. గీత చెరిపేసి, కుట్టు నిలవడానికి ఎంత కావాలో అంతే వదిలి కొత్త గీత గీశాను. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. ఒకసారి కోశాక దీన్ని ఎవరి కోసమూ వదులు చెయ్యడం కుదరదు. కోసేశాను. కత్తెర ఎక్కడా ఆపకుండా చివరిదాకా పోనిచ్చాను.

ధైర్యంతో కోశానని చెప్పను. సాకు దొరికిందని కోశాను. రేపు అత్తయ్య ఇచ్చెయ్యమంటే, "లోపల గుడ్డ వదల్లేదు అత్తయ్యా, బుజ్జికి పట్టదు" అనొచ్చు. అబద్ధం కూడా కాదు. కుడుతున్నంతసేపూ ఆ మాటనే మనసులో అప్పజెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున వేసుకున్నాను. భుజాలు రెండూ చక్కగా కూర్చున్నాయి. ఆడపడుచు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది భలే ఉంది వదినా" అంది. అనేసి నాలుక కరుచుకుంది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను నా సాకుని సర్దుకునే హడావిడిలో ఉన్నాను. అందరం భోజనాలకి కూర్చున్నాక అత్తయ్య అనాల్సిన మాట అననే అంది. చేతిలో పని అంది, మళ్ళీ కుట్టుకుంటావు అంది.

"లోపల..." అని మొదలుపెట్టాను. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఈ గౌను బుజ్జికి పట్టదు, సరే. రేపు ఇంకొకటి కుట్టుకుంటాను, దానికి గుడ్డ సరిపోయేంత దొరుకుతుంది, అప్పుడేం చెప్తాను? నచ్చిన ప్రతిదానికీ ఒక సాకు కుట్టుకుంటూ కూర్చోవాలా, లేదంటే మళ్ళీ బురద రంగులోకి వెళ్ళి దాక్కోవాలా? సాకు చెబితే గౌను మిగులుతుంది. నేను మాత్రం ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంటాను.

"ఇవ్వనత్తయ్యా" అన్నాను. "ఇది నాకు నచ్చింది."

నా గొంతు మామూలుగానే ఉంది. పిల్లలు తినడం ఆపారు. ఆయన అత్తయ్య వంక చూసి, నా వంక చూసి, "ఒక్క గుడ్డ దగ్గర ఏంటిది, చెల్లి నోరు తెరిచి అడిగితే..." అన్నారు.

"నేనెప్పుడడిగాను అన్నయ్యా?" అంది బుజ్జి.

అందరం ఆమె వైపు తిరిగాం. తను కంచంలోకి చూస్తూ మాట్లాడింది. "బాగుంటే బాగుందంటాను, అంతే. అమ్మ ఇచ్చెయ్యమంటుంది, వదిన సంచిలో పెట్టేస్తుంది. వద్దంటే వదిన ఏమనుకుంటుందోనని పట్టుకెళ్ళేదాన్ని. వాటిల్లో సగం నాకు నప్పవు కూడా. అందుకే కొన్నేళ్ళుగా వదిన ఏం వేసుకున్నా నోరెత్తడం మానేశాను. ఇవాళ చూడగానే నోరు జారింది."

నాకు నవ్వొచ్చింది. ఈమె మెచ్చుకుంటుందేమోనని నేను బురద రంగులో దాక్కున్నాను, మెచ్చుకుంటే నేను ఇచ్చేస్తానేమోనని ఈమె నోరు కుట్టేసుకుంది. ఇద్దరం ఒకరి నుంచి ఒకరం ఇన్ని ఆదివారాలు తప్పించుకు తిరిగాం. ఒక్క మాట ముందే అనొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. అదే మాట నన్నూ అడగొచ్చు కాబట్టి ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. బుజ్జి తలెత్తి నన్ను చూసి తనూ నవ్వేసింది. అత్తయ్య మాత్రం, "అయితే మధ్యలో నేనే చెడ్డదాన్నన్నమాట" అని కంచం ముందు నుంచి లేచి వెళ్ళింది. ఇంకో రోజైతే వెనకాలే వెళ్ళి బతిమాలేదాన్ని. ఆ రోజు కూర్చుని కడుపు నిండా తిన్నాను. ఆ పూటంతా అత్తయ్య నాతో మాట్లాడలేదు. గుండీల సంగతి గానీ గలీబుల సంగతి గానీ ఎత్తలేదు. ఆవిడ అలిగితే ఇల్లు ఇంత హాయిగా ఉంటుందని పద్నాలుగేళ్ళలో ఒక్కరైనా నాకు చెప్పలేదు.

ఇదా నేను ఇన్నేళ్ళూ భయపడింది? కూర చల్లారేలోపు అయిపోయింది. ఇల్లు కూలలేదు, ఎవరూ నన్ను బయటికి పొమ్మనలేదు. గుండెల మీది బరువు దిగి, మధ్యాహ్నం నుంచి ఊరికే అటూ ఇటూ తిరగాలనిపించింది. తిరిగాను కూడా, పనేమీ లేకుండా, గదిలోంచి గదిలోకి.

సాయంత్రం బుజ్జి వెళ్ళిపోయాక, గౌను మార్చుకుని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను. మర్నాటికి ఆయన చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నారు. కోపంగా లేరు, నిజంగానే అర్థం కానట్టున్నారు. "అంత ఇష్టం లేనిదానివి అప్పుడే చెప్పొచ్చు కదా" అన్నారు. "నీకేం నచ్చుతుందో, ఏం నచ్చదో, మాకెలా తెలుస్తుంది?"

అందులో సగం నిజం. మిగతా సగం, నాకేం నచ్చుతుందని ఆయన ఒక్కసారైనా అడగలేదన్నది. అది కూడా చెప్పాలి, చెబుతాను, దానికి ఇంకా చాలా రోజులున్నాయి.

"ఇకనుంచి తెలుస్తుందిలెండి" అన్నాను. చేతిలో ఉన్న ఆయన చొక్కా పక్కన పెట్టి, పెట్టె వేడిగా ఉండగానే నా గౌను తీసుకుని బల్ల మీద పరిచాను.